యోగేశ్వరి నో చెప్పని మూడు రోజులు

"నో" అని కొట్టి, ఎంటర్ నొక్కి, యోగేశ్వరి తీరిగ్గా ఒక బిస్కెట్టు తీసి టీలో ముంచింది.

ఆ బిస్కెట్టు మెత్తబడి కప్పులో పడేలోపే ఎవరో వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డారు. తలెత్తి చూసింది. పొడుగ్గా, సన్నగా, మెడలో ఆఫీసు కార్డు తిరగబడి వేలాడుతున్న ఒక కుర్రాడు. కోపంగా ఉన్నాడు గాని, ఆ కోపం ఎదుటివాళ్ళకి ఇబ్బంది కలిగిస్తుందేమోనని మొహమాటపడుతున్నట్టు కూడా ఉన్నాడు.

"యోగేశ్వరి అంటే మీరేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

"అవును."

"నా పేరు జనార్ధన్. ఆ మార్పు పదకొండు రోజులు కూర్చుని రాశాను. మీరు నో అన్నారు."

"అన్నాను."

"కారణం?"

"కోడ్‌లోనే రాసుంది."

"కోడ్‌లో 'దీన్ని తీయొద్దు' అని ఉంది. అంతే ఉంది."

"మరి తీశారెందుకు?"

జనార్ధన్ మెడలో తిరగబడ్డ కార్డు సరిచేసుకుని వెనక్కి తిరిగాడు.

"ఏటి మడిసిరా బాబూ! గోడకి సెప్పినా ఇంటాది," అని యోగేశ్వరి తనలో తాను గొణుక్కుంది. తొమ్మిదో అంతస్తులో ఆ భాష వచ్చినవాళ్ళెవరూ లేరన్న ధైర్యం ఆమెది.

నాలుగడుగులు వేసినవాడు టక్కున ఆగిపోయాడు.

"మీరు తెలుగా?"

యోగేశ్వరి బిస్కెట్టు కప్పులో పడిపోయింది. "నువ్వు తెలుగేటి?"

"కాకినాడ అండి. ఈ దేశం వచ్చి మూడు నెలలైంది. మీ పేరు చూసి తమిళ్ అనుకున్నాను."

"నీ మొకం సూసి నానేటీ అనుకోలేదు."

"గోడ అనుకున్నారుగా." అతనికి నవ్వొచ్చేసింది. "మా నాయనమ్మ కూడా ఇంత పాత తెలుగు మాట్లాడదండి."

"పాతదైతే ఏటి? పని సేస్తంది కదా," అంది యోగేశ్వరి. తర్వాత చెంచాతో బిస్కెట్టు వెతుక్కుంది.

ఇంతకీ వాళ్ళ గొడవేమిటో చెప్పుకోవాలి.

కంప్యూటర్ స్విచ్ నొక్కగానే ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తాను లేచి కూర్చోదు. దాన్ని లేపడానికి ముందొక చిన్న ప్రోగ్రామ్ లేవాలి. ఇంట్లో అందరికన్నా ముందు లేచి పొయ్యి వెలిగించే మనిషిలాగా. ఆ చిన్న ప్రోగ్రామ్ డిస్కులో ఉన్న ఫైళ్ళని తీసి, మెమరీలో సర్ది, "ఇక లేమ్మా" అని పెద్దదాన్ని తట్టి లేపి, తను పక్కకి తప్పుకుంటుంది. దాన్ని ఎవరూ చూడరు. అది బాగా పనిచేసినన్నాళ్ళూ అదొకటి ఉందనే ఎవరికీ తెలీదు. క్లినిక్కుల్లో టోకెన్లిచ్చే మిషన్ల కోసం బ్రిక్‌ఫీల్డ్స్ పేటలోని ఈ కంపెనీ తయారుచేసే సిస్టమ్‌లో, ఆ ఫైళ్ళు తీసిపెట్టే కోడ్‌కి నాలుగేళ్ళుగా కాపలా యోగేశ్వరి.

ఆమె రాసిన కోడ్ ఏ ఫైలునీ ఒక్కసారిగా ఎత్తదు. పసిపిల్లకి అన్నం పెట్టినట్టు ముద్ద తర్వాత ముద్దగా, కొంచెం కొంచెంగా చదువుతుంది. జనార్ధన్ వచ్చి ఆ ముద్దలన్నీ తీసేసి, ఫైలు మొత్తం ఒక్క గుక్కలో లాగేశాడు. అలా చేస్తే మిషన్ రెండు సెకన్లు ముందే లేస్తుంది.

"రెండు సెకన్లు!" అన్నాడు మర్నాడు మళ్ళీ వచ్చి. "మీకు ఆ రెండు సెకన్ల విలువ తెలీదు."

"రెండు సెకన్లు లోన నువ్వేటి సేస్తావు?"

"ఉద్యోగం నిలబెట్టుకుంటాను." అతను నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "మిషన్ తొందరగా లేవాలి, అదే నాకిచ్చిన పని. ఈ నెలాఖరుతో ప్రొబేషన్ అయిపోతుంది. అప్పటికి తగ్గించి చూపిస్తే ఇక్కడ ఉంటాను. లేకపోతే హైదరాబాద్ ఆఫీసుకి వెనక్కి."

యోగేశ్వరి స్క్రీన్ వైపు తిరిగిపోయింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వెళ్ళిపోతే తనకేం? తెలియనివాడే అయితే ఆ మధ్యాహ్నం అన్నం ఎందుకు సగంలో వదిలేసింది?

ఆ కంపెనీలో ఒక రూల్ ఉంది. ఎవరైనా కోడ్‌లో మార్పు పంపితే, దాని కాపలాదారు మూడు పనిరోజుల్లో "నో" అనాలి. అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మూడో రోజు సాయంత్రం ఆరు కొట్టగానే మార్పు తనంతట తాను లోపలికి వెళ్ళిపోతుంది. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు సగమే ఇచ్చారు. ఈ కంపెనీవాళ్ళు ధారాళంగా పూర్తిగా ఇచ్చేశారు.

కాబట్టి జనార్ధన్ మార్పు సరిదిద్ది పంపడం, మూడో రోజు యోగేశ్వరి "నో" అనడం మొదలైంది. మొదటిసారి పొద్దున తొమ్మిదింటికే అనేసింది. రెండోసారి మధ్యాహ్నం అంది. మూడోసారి అయిదూ యాభైకి అంది. అప్పటిదాకా అతను ప్లాస్టిక్ సంచుల్లో దారం కట్టి తెచ్చిన రెండు తే తారిక్ పాల టీలతో ఆమె బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"ఈసారి ఎందుకు నో అండి?"

"దీంట్లో కూడా ఒక్క గుక్కే కదా. గుక్కకి పేరు మార్సినావు, అంతే."

"మరి ఏ మిషన్‌కి ఇబ్బంది? ఆఫీసులో ఉన్న పదహారింటి మీదా పెట్టి చూశాను. అన్నీ లేచాయి."

"లేవనిది ఆఫీసు లోన లేదు."

"ఎక్కడుంది?"

యోగేశ్వరి టీ గొట్టాన్ని నోట్లో పెట్టుకుని కిటికీలోంచి మోనోరైలు వంక చూసింది. ప్రతి ఫైలునీ అనుమానించడం ఆమె ఉద్యోగం. నువ్వు చెప్పిన సైజు నిజమేనా? నువ్వసలు ఫైలువేనా, ఫోల్డర్‌వి కాదు కదా? అలా అన్నిటినీ నిలదీసే మనిషి, తను రాసిన "దీన్ని తీయొద్దు" అన్న ముక్కని మాత్రం లోకమంతా చర్చించకుండా నమ్మాలని ఆశించింది.

అయిదోసారి వచ్చిన మార్పు తెరిస్తే, అందులో అతను మార్చింది ఒకే ఒక్క ఫుల్‌స్టాప్.

"ఇదేటి?"

"మీరు నో అంటారని." జనార్ధన్ చెవులు ఎర్రబడ్డాయి. "టీ చల్లారిపోతోంది, తాగండి."

యోగేశ్వరి ఆ ఫుల్‌స్టాప్‌కి కూడా నో అంది. కాకపోతే ఆ పూట ఇంటికి వెళ్తూ లిఫ్ట్ అద్దంలో తన మొహం చూసుకుని, ఈ నవ్వుతున్న పిల్ల ఎవర్రా అనుకుంది.

నెలాఖరుకి పదిరోజులుందనగా ఆమే అడిగింది. "శనివారం ఖాళీయేనా? లేవని మిషన్ సూపిస్తాను. సుంగై సుమున్ ఎల్లాలి."

సుంగై సుమున్ ఆమె పెరిగిన ఊరు. అమ్మానాన్నలు ఇపో పట్నంలో ఫ్యాక్టరీ పనికి పోతే, పిల్లని పెంచింది అమ్మమ్మ ఎర్రమ్మ. యోగేశ్వరి కారులో రెండున్నర గంటల దారి. పామాయిల్ చెట్ల వరసలు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతుంటే జనార్ధన్ లెక్కపెట్టడానికి ప్రయత్నించి ఓడిపోయాడు. తెలుక్ ఇంతాన్ ఊరు దాటగానే వాన మొదలైంది. వైపర్లు టపటపలాడుతుంటే ఇద్దరూ మాటలు మానేసి ముందుకి చూస్తూ కూర్చున్నారు. ఆ మాట్లాడకపోవడం కూడా బాగానే ఉంది.

గుమ్మంలో ఎర్రమ్మ నిలబడి ఉంది. వయసు డెబ్భై ఎనిమిది, చూపు ఇరవై.

"ఇతనేనా?" అంది.

"అమ్మమ్మా, క్లినిక్ లోన కంప్యూటర్ సూడ్డానికి వచ్చినాడు."

"అవునవును. మా తమ్ముడు కూడా ఆవుదూడని సూసొస్తానని రోజూ పక్క లైను ఇళ్ళకి ఎల్లేవోడు. నలుగురు పిల్లలు." ఆమె జనార్ధన్ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "రా బాబూ. సేపల కూర తింటావా?"

"తింటానండి. కానీ నిజంగానే కంప్యూటర్ చూడ్డానికే..."

"కంప్యూటర్ ఎక్కడికీ పారిపోదు లాహ్," అంది, అక్కడివాళ్ళు మాట చివర తగిలించే తోకతో సహా. "కూకో. ఏ ఊరు మీది?"

"కాకినాడండి."

"అదెక్కడ?"

"విశాఖపట్నానికి ఇవతల."

"ఇసాపట్నం లోనే మా ముసిలోళ్ళు ఈ తోటల పనికని ఓడెక్కినారు," అంది ఎర్రమ్మ, అతనేదో పక్కవీధి చెప్పినట్టు. "అమ్మా నాన్నా ఉన్నారా? నువ్వు తాగుతావా? కోపం ఎక్కువా? మా పిల్లకి కోపం ఎక్కువ, సెప్పిందా?"

"కోపం చూపించిందండి. అయిదుసార్లు."

ఎర్రమ్మ పకపకా నవ్వింది. అతని కంచంలో ఇంకో ముక్క పడింది. యోగేశ్వరి తల వంచుకుని తన అన్నంలో ముళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. ఆమె కంచంలో ఉన్నది పప్పన్నం.

క్లినిక్ రెండు వీధులవతల. శనివారం మధ్యాహ్నం మూసేసే వేళకి నర్సు వళ్ళియమ్మై తాళాలు పట్టుకుని వాళ్ళకోసం ఆగింది. ఊరంతా ఆమెని మిస్సీ అనే పిలుస్తారు. కౌంటర్ కింద ఉంది ఆ కంప్యూటర్. పసుపు రంగుకి తిరిగిన పాత డబ్బా.

"సోమవారం పొద్దున్నే నలభైమంది వస్తారు, తంబీ. పాడుచేశావంటే నీ చేత్తో నువ్వే టోకెన్లు రాసివ్వాలి," అంది మిస్సీ.

జనార్ధన్ తన కోడ్ పెట్టి స్విచ్ నొక్కాడు.

స్క్రీన్ నల్లగా ఉంది.

ఒక నిమిషం చూశాడు. అయిదు నిమిషాలు చూశాడు. ఆపి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నలుపే. తప్పు జరిగిందన్న మాట కూడా రాలేదు. ఒక్క గుక్కలో పోసేసరికి ఆ పాత మిషన్‌కి పొలమారిపోయింది. దగ్గడానికి కూడా ఊపిరాడలేదు.

యోగేశ్వరి తన కోడ్ పెట్టింది. డబ్బా గుర్రుమంది, తాపీగా, ముద్ద ముద్దగా మింగుతూ లేచింది. "వెల్‌కమ్, నంబర్ 001" అంది.

బయట వాన ఇంకా తగ్గలేదు. ఇద్దరూ క్లినిక్ రేకుల కింద నిలబడ్డారు. రేకుల మీద చప్పుడుకి గట్టిగా మాట్లాడాల్సి వస్తోంది.

"మూడేళ్ళ కిందట నానే ఆ ముద్దలు తీసేసినాను," అంది యోగేశ్వరి. "నీ లాగే. తొందరగా లేస్తాదని. సోమవారం ఇది లేవలేదు. టోకెన్ లేదు, లైను లేదు, ఎవుళు ముందో ఎవుళికీ తెలీదు. అమ్మమ్మ సుగర్ మాత్రలకి వచ్చి పన్నెండు దాకా ఆ బెంచీ మీద కూకుంది. తినకుండా. కళ్ళు తిరిగి పడిపోయింది."

జనార్ధన్ ఆ బెంచీ వంక చూశాడు.

"ఇది కోడ్‌లో ఎందుకు రాయలేదు?"

"ఏటని రాస్తాను? మా అమ్మమ్మ పడిపోయిందని రాస్తానా? నవ్వుతారు."

"నేను నవ్వేవాణ్ణి కాదు." బెంచీ మీంచి చూపు తిప్పుకున్నాడు. "సోమవారం నా మార్పు పూర్తిగా వెనక్కి తీసేసుకుంటాను, ఇక పంపను."

"మరి నీ ఉద్యోగం?"

"ఆవిడ బెంచీ మీద పడిపోతే వచ్చే రెండు సెకన్లు నాకొద్దండి." చేత్తో మొహం మీది తుంపర తుడుచుకున్నాడు. తర్వాత, ఇదే సంగతికి తర్వాతి వాక్యం అన్నంత మామూలుగా, "నాకు మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది," అన్నాడు.

రేకుల మీద వాన ఒక్కసారి పెద్దదైంది.

"ఇప్పుడే చెప్పొద్దు," అన్నాడు కంగారుగా, ఆమె నోరు తెరవడం చూసి. "మూడు రోజులు తీసుకోండి. ఆలోచించండి."

యోగేశ్వరి నోరు మూసేసింది. మూడు రోజులు అన్నాడు. తెలిసే అన్నాడు. ఎంత తెలివైనవాడు! ఆడపిల్ల నోటితో అవునని చెప్పాల్సిన అవస్థ లేకుండా, రూల్ మీదికి నెట్టేశాడు.

ఆమె బుర్రలో అలా తిరిగింది మరి. నాలుగేళ్ళుగా ఒకే రూల్ మధ్య బతుకుతున్న మనిషి బుర్ర అలాగే తిరుగుతుంది.

సోమవారం పొద్దున్నే జనార్ధన్ మాట నిలబెట్టుకున్నాడు. పాత మార్పు వెనక్కి తీసుకుని, కొత్తది ఒకటి పంపాడు. అందులో కోడ్ ఒక్క అక్షరం లేదు. ముద్ద ముద్దగా చదివే ఆమె కోడ్ పైన అయిదు వాక్యాలు మాత్రం ఉన్నాయి: ఇది ఎందుకుందో, ఏ మిషన్ కోసమో, ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ మాత్రల కోసం ఎంతసేపు కూర్చుందో.

యోగేశ్వరి అది చదివి బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

ఇక ఆ మూడు రోజులూ ఆమె పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. రెండు సంగతులకి మౌనంగా ఉండాలి, అలవాటు మాత్రం నో అనడం. ఎక్కడ నోరుజారుతుందోనని ఆ మాటే మానేసింది. టీ కొట్టు ఆంటీ "ఇంకో చెంచా చక్కెర?" అంటే నో అనలేదు. మూడు రోజులూ పాకం తాగింది. పక్క టీమువాళ్ళు చందా అడిగితే అనలేదు. మంగళవారం జనార్ధన్ వచ్చి, "లంచ్‌కి వస్తారా?" అన్నాడు. ఆ సమయానికి మీటింగుంది, వెళ్ళడానికి వీల్లేదు. రానని చెబితే అదెక్కడ లెక్కలోకి పోతుందో! గట్టిగా తల అడ్డంగా ఊపబోయి, అదీ ప్రమాదమేనని భయపడి, బల్లమీది లాప్‌టాప్ లాక్కుని పరిగెత్తింది. బుధవారం లిఫ్ట్‌లో అతను కనిపిస్తే లిఫ్ట్ వదిలేసి తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కింది.

బుధవారం సాయంత్రం ఆరు. స్క్రీన్ మీద ఆకుపచ్చ గుర్తు పడింది: అభ్యంతరం రాలేదు, అంగీకరించబడింది.

యోగేశ్వరి కుర్చీలోంచి లేచింది. అమ్మమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, కుదిరిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఆరింటికి."

ఎర్రమ్మ ఆరున్నరకి మిస్సీకి చెప్పింది. ఏడింటికి సుంగై సుమున్‌లో తెలియనివాళ్ళు, ఎర్రమ్మ పంచిన మిఠాయి అందనివాళ్ళు లేరు. గురువారం పొద్దుటికి ఇపోనించి అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది, సంతోషంతో. తెలియనివాడు ఒక్కడే, పెళ్ళికొడుకు.

శుక్రవారం టీమ్ పెద్ద రూబన్ అందరికీ మెసేజ్ పెట్టాడు: జనార్ధన్ కోసం మధ్యాహ్నం అరిటాకు భోజనం. యోగేశ్వరి అది చూసి సిగ్గుపడింది. అందరికీ చెప్పేశాడన్నమాట! ఆకుపచ్చ పంజాబీ డ్రెస్సు వేసుకుంది, బ్రిక్‌ఫీల్డ్స్ పూల కొట్లో మల్లెలు కొని పెట్టుకుంది. హోటల్లో జనార్ధన్ ఎదురుగా కూర్చుని ఆకు మీద నీళ్ళు చల్లింది. అతను ఆమె మల్లెల వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. పాపం, మొహమాటం అనుకుంది.

రూబన్ లేచి గొంతు సవరించుకున్నాడు. "సరే లాహ్, ఎక్కువ మాట్లాడను. జనార్ధన్, హైదరాబాద్ టీమ్ మంచిది. ఆదివారం ఫ్లైట్ జాగ్రత్త. మమ్మల్ని మర్చిపోకు."

అందరూ చప్పట్లు కొట్టారు. యోగేశ్వరి కూడా రెండు చప్పట్లు కొట్టి ఆగిపోయింది.

"ఎవుళికి ఫ్లైట్?"

"నాకేనండి," అన్నాడు జనార్ధన్ మెల్లగా. "నిన్న లెటరిచ్చారు. మీకు చెబుదామంటే మీరు కనిపించడమే లేదు."

"నువ్వెలా ఎల్తావు? మనకి కుదిరిపోయింది కదా!"

"ఏం కుదిరింది?"

"నాను నో అన్లేదు కదా!" ఆమె గొంతు హోటలంతా వినిపించింది. "సోమవారం అన్లేదు. మంగళవారం అన్లేదు. బుధవారం ఆరింటి దాకా అన్లేదు. టీ లోన పంచదార వద్దని కూడా అన్లేదు!"

జనార్ధన్ చేతిలో అప్పడం అలాగే ఉండిపోయింది. ఆమె చెప్పింది ఒక్కొక్కటిగా లోపలికి వెళ్ళి, సర్దుకుని, వెలగడానికి అతనికి బాగానే టైము పట్టింది.

"రూల్ ప్రకారమా?" అన్నాడు చివరికి.

"నువ్వే కదా మూడు రోజులన్నావు!"

"ఆలోచించుకుని చెప్పమన్నాను! మీరు నన్ను చూసి మెట్లెక్కారు. తొమ్మిది అంతస్తులు! ఒక అమ్మాయి తొమ్మిది అంతస్తులు ఎక్కి తప్పించుకుంటే ఏమనుకోవాలి? ఇష్టం లేదని, నన్ను బాధపెట్టలేక ఊరుకున్నారనీ అనుకున్నాను."

"మౌనం అంటే ఒప్పుకున్నట్టే."

"సగం ఒప్పుకున్నట్టు! మా ఊళ్ళో సగమే. మిగతా సగం నేనెక్కడ వెతుక్కోనండి?"

బల్ల చుట్టూ ఉన్న ఏడుగురికీ తెలుగు రాదు. విషయం మాత్రం ఏడుగురికీ అర్థమైపోయింది. అందరూ తినడం మానేశారు. వడ్డించే అతను బకెట్‌తో వచ్చి, "రసం?" అన్నాడు. రూబన్ అతన్ని సైగతో పక్కకి పంపేశాడు.

యోగేశ్వరి రూబన్ వైపు తిరిగి ఇంగ్లీషులోకి మారింది. "ఫైల్ లోడింగ్‌కి రెండో మనిషిని పెట్టుకోమని రెండేళ్ళుగా చంపుతున్నావు కదా. ఇతన్నివ్వు."

"అయిదుగుర్ని చూపించాను. అయిదుగుర్నీ వద్దన్నావు."

"వాళ్ళ కోడ్ తప్పని చూపిస్తే నాతో పోట్లాడారు. ఇతను వెళ్ళి చూసి, తన ఉద్యోగం పోతుందని తెలిసీ వెనక్కి తీసుకున్నాడు. మిషన్ తొందరగా లేపేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఇలాంటివాడు నాకు కావాలి."

రూబన్ గడ్డం గోక్కున్నాడు. "లెటర్ నువ్వు రాయి. ఇవాళే. నేను పైవాళ్ళతో మాట్లాడతాను. గ్యారంటీ ఇవ్వలేను లాహ్, కానీ నువ్వు ఒకణ్ణి కావాలన్నావంటే వాళ్ళు కుర్చీలోంచి పడిపోతారు."

"ఆదివారం ఫ్లైట్?"

"ముందు దాన్ని ఆపిస్తాను." ఫోన్ తీసుకుని రూబన్ బయటికి వెళ్ళాడు.

యోగేశ్వరి ఊపిరి పీల్చుకుని చేయి ఆకు మీద పెట్టింది. జనార్ధన్ ఇంకా తినడం లేదు.

"అది కోడ్ సంగతి," అన్నాడు. "నేనడిగిందానికి జవాబు నాకింకా రాలేదు. ఫ్లైట్ ఆగినా ఆగకపోయినా, అది నాకు కావాలి. నోటితో."

ఇంతమందిలోనా అన్నట్టు చూసింది. అతను కదల్లేదు. మొహమాటపు మనిషి మొహమాటం మానేస్తే ఎంత మొండిగా ఉంటాడో ఆమె మొదటిసారి చూసింది.

నాలుగేళ్ళలో ఎవరికీ, దేనికీ ఆమె అవునని రాయలేదు. నో రాసింది, లేదా ఊరుకుంది. ఊరుకుంటే తప్పు తనది కాదు, రూల్‌ది. ఇప్పుడు నోరు తెరిస్తే, రేపు ఏం జరిగినా అది తన మాటే. మిషన్ లేవకపోతే వెనక్కి తీసుకోవడానికి ఇది మార్పు కాదు, మనిషి. ఆకు మీద అన్నం ముద్దలుముద్దలుగా కలిపింది, విడదీసింది.

"నాకు ఇష్టం," అంది ఆకుతో.

"వినపడలేదు."

తలెత్తింది. "నువ్వంటే నాకు ఇష్టం. నిన్ను సేసుకుంటాను. ఎల్లొద్దు."

తెలుగు రాని మిగతా ఆరుగురూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఆఫీసు వదిలాక ఇద్దరూ స్టేషన్ మెట్ల దగ్గర ఆగారు. లెటర్ పైకి వెళ్ళింది, ఫ్లైట్ ఆగింది, మిగతాది సోమవారం తేలుతుంది. అంతకన్నా పెద్ద పరీక్ష ఇప్పుడుంది. యోగేశ్వరి అమ్మమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"అమ్మమ్మా, తిట్టొద్దు. బుధవారం నాను సెప్పింది నిజం కాదు. అప్పటికి కుదరలేదు. అతనికి తెలీదు. నాను నోరు తెరిసి సెప్పలేదు. ఇయాల సెప్పినాను."

ఊరంతా పంచిన మిఠాయి గుర్తొచ్చి యోగేశ్వరి కళ్ళు మూసుకుంది.

"మీ తాత నన్నసలు అడగనే లేదు," అంది ఎర్రమ్మ. "మా అయ్య నా దిక్కు సూసినాడు. నాను ఊరుకున్నాను. ఒప్పుకుందన్నారు. యాభై ఏళ్ళు కాపరం సేసినాను. మంచోడే. కానీ ఒక్కపాలి కూడా సెప్పలేదు నాను, ఇష్టమని. ఆయనా అడగలేదు. ఆయన పోయినాక తోచింది, సెప్పుంటే బాగుణ్ణని."

స్టేషన్లో రైలు వచ్చి ఆగింది, జనం దిగారు, ఎక్కారు. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"ఆ అబ్బాయున్నాడా అక్కడ?"

"ఉన్నానండి," అన్నాడు జనార్ధన్ గొంతు సవరించుకుని.

"ఏటబ్బాయ్, మా పిల్ల సెప్పింది సరిగ్గా ఇన్నావా?"

"విన్నానండి."

"ఒక్కపాలి సాలదు. మల్లా సెప్పించుకో. నాను ఫోన్ పెట్టేస్తన్నాను."

పెట్టేసింది.

జనార్ధన్ ఫోన్ వంక చూశాడు, యోగేశ్వరి వంక చూశాడు. "పెద్దావిడ మాట. కాదంటే బాగుండదు," అన్నాడు. "చెప్పు."

"ఇదేటి, నన్ను 'నువ్వు' అంటన్నావు?"

"చెప్పు ముందు."

తర్వాతి రైలు వచ్చేదాకా యోగేశ్వరి నసిగింది. వచ్చాక, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో, గట్టిగా చెప్పింది. మాట సగంలో ఉండగానే రైలు ఆగింది, మిగతా సగం స్టేషనంతా వింది.